తోడుకు షరతులా?

ప్రొద్దుటూరులో పక్కింటివాళ్లు తోడు అడిగితే ఎవరైనా పత్రం రాయించుకుంటారా? గిన్నెలో చెంచాడు వేసి పంపిస్తాం, అంతే! అదే మాట మొన్న జమ్మలమడుగు నుంచి వచ్చిన మా చెల్లెలి కూతురితో అన్నాను. అది పులివెందులలో ఇంజనీరింగు చదువుతోంది. తను రాసిన ప్రోగ్రాము అందరికీ ఉచితంగా ఇస్తుందట. దానికి ఏ లైసెన్సు పెట్టాలా అని రెండు రోజులుగా ఒకటే ఆలోచన!

"ఊరికే ఇచ్చేదానికి షరతులెందుకే?" అన్నాను.

"ఏమీ రాయకపోతే హక్కులన్నీ నావేనని అర్థం పెద్దమ్మా. అప్పుడు తీసుకునేవాళ్లు భయపడతారు," అంది.

ఆ తర్వాత కథంతా చెప్పింది. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1989లో జీపీఎల్ అనే లైసెన్సు తెచ్చాడట. తీసుకో, మార్చుకో, కావాలంటే అమ్ముకో. కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూలం దాచకుండా ఇదే షరతుతో ఇవ్వు, మారిస్తే మార్చానని చెప్పు. అంత పట్టింపు వద్దు, మా పేరు ఉంచితే చాలుననే ఎమ్ఐటీ పక్షంవారూ ఉన్నారు. లైనక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో డబ్బు తీసుకోవద్దన్నాడు; 1992లో మనసు మార్చుకుని జీపీఎల్‌కు వచ్చాడు.

మనవాళ్లూ తక్కువేం కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో కంప్యూటరుకు తెలుగు అక్షరాలు తయారుచేశారు. అవీ జీపీఎల్ కిందే అందరికీ అందాయి. ఆ అక్షరాలతో ఉత్తరం రాసుకుంటే ఉత్తరానికి మాత్రం షరతు అంటదట!

వేమన పేరు వినగానే నాకు మన కడప గుర్తొచ్చింది. అక్కడ ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్రాలు సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఎవరికి వారు రాసుకోబట్టే ఆ పద్యాలు బతికాయి. అయితే ఎవరెవరో తమ పద్యాలకూ వేమన మకుటం తగిలించారు. ఏవి ఆయనవో, ఏవి కావో పండితులకే ఈనాటికీ తేలలేదు.

"మారిస్తే మార్చానని చెప్పమన్నది అందుకే పెద్దమ్మా!" అంది పిల్ల. నేనిక వాదించలేదు. అది జీపీఎల్లే పెట్టుకుంది.

సాయంత్రం పక్కింటావిడ గిన్నెతో వచ్చింది. తోడు వేస్తూ, "రేపు మా ఇంట్లో లేకపోతే మీరివ్వాలి సుమా!" అన్నాను.

చూశారా, నాకూ ఒక లైసెన్సుంది. ఇన్నేళ్లూ పైకి చెప్పలేదంతే!