కోస్తా సీమలో బాటలు, వంతెనలు

పండు దేశమునకు నీరు ప్రాణము. పండిన ధాన్యము కదలుటకు బాట ప్రాణము. ఈ రెండును కొరవడిన దేశమునకు కలుగు చేటు ఎట్టిదో నందన నామ సంవత్సరపు కరువు చూపినది. 1832-33లో వచ్చిన ఆ కరువున గుంటూరు మండలమందలి ఐదు లక్షల జనములో సుమారు లక్షన్నర మంది నశించిరని చరిత్రకారులు వ్రాసిరి. పొలమునకు నీరు లేదు. ఉన్న చోటినుండి ధాన్యము బండ్లపై తెచ్చుకొందమన్నను తగిన బాటలు లేవు.

ఈ రెండు కొరతలను ఒక్క పనితో తీర్పబూనినవాడు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరము కడ గోదావరి ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసెను. బెజవాడ కడ కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. రాతినేల దొరకని నదిలో ఇసుకపైననే కట్టడము నిలుపవచ్చునను ధైర్యము కాటనుకు కావేరిపై పూర్వులు కట్టిన కల్లణను చూచుటచే కలిగినది. కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు దారులైనవి. లాకులు దాటుచు ధాన్యపు పడవలు రేవులకు చేరెడివి. కాలువగట్లే చాల గ్రామములకు తొలి బాటలు.

అయినను, కాలువకును పెద్దబాటకును ఒక భేదము కలదు. డెల్టా నేల సముద్రమువైపునకు మెల్లగా వాలియుండును. కాలువ ఆ వాలు వెంట పోవును. మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్దబాటయో, తీరము వెంబడి సాగుచు ఆ వాలునకు అడ్డముగా పోవును. కావున కొండలనుండి కడలికి పోవు ప్రతి నదియు, ఏరును, మురుగు కాలువయు దానికి ఎదురగును. కోస్తాలో బాట వేయుటయనగా అడుగడుగున నీటితో ఒడంబడిక చేసికొనుటయే.

ఆ ఒడంబడికలో కష్టమైనది మహానదుల దాటు. బెజవాడ కడ కృష్ణపై రైలు వంతెన 1893లో తెరువబడెను. గోదావరిపై 150 అడుగుల చొప్పున 56 ఖానాలతో కట్టిన హేవలాక్ వంతెన 1900లో తెరువబడువరకు రైలు ప్రయాణికులు రాజమహేంద్రవరము కడ నదిని నావలపై దాటుచుండిరి. ఇట్టి వంతెనలకు బావి పునాదులు వేయుదురు. అడుగున వాదర గల వలయముపై గుండ్రని గోడ కట్టి, లోపలి ఇసుకను తోడివేయగా, అది తన బరువుచేతనే క్రిందికి దిగును. వరదవేళ నది తన అడుగును ఎంత లోతుకు కోయగలదో, దానికంటె లోతుకు ఆ బావి దిగవలెను. ఖానాలను తగ్గించి వ్యయము మిగిల్చితిమనుకొన్నచో, ఇరుకైన నీరు వేగము పెంచుకొని పునాదినే కోయును. ఎగువ ఊళ్లపైకి ఎగదన్నును.

1952లో కృష్ణ పాత ఆనకట్టకు గండి పడగా, దానికి బదులుగా సుమారు 1,220 మీటర్ల పొడవున బారేజి కట్టిరి. 1957లో పూర్తియైన ఆ కట్టడము ఆ యేడే దివంగతులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేర ప్రకాశం బారేజి అయినది. అది నీటికి కట్ట, జనులకు వంతెన. రాజమహేంద్రవరము కడ గోదావరిపై క్రింద రైలు, పైన రోడ్డు నడచు వంతెన 1974లో ప్రారంభమయ్యెను. హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి పొందగా, దాని పనిని కాంక్రీటు విల్లుల క్రొత్త వంతెన అందుకొన్నది.

పెద్ద వంతెనలు అందరి కంటను పడును. చిన్న తూములను చూచువారు తక్కువ. కాని పొలము బ్రతుకు ఆ తూములలో నున్నది. కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి కలియును. వెలుపలికి పోవుటకు ఉప్పుటేరు దారి. అట్టి పల్లపు నేలలో తగిన తూములు లేక గట్టెత్తిన రోడ్డు, రోడ్డుగాక ఆనకట్టయగును. ఒకవైపు రైతు చేను నాలుగు దినములు మునిగి కుళ్లును. కడకు నీరే రోడ్డును తెంచి తన దారిని చేసికొనును.

గట్టు తక్కువగా నుండవలెనని దీని అర్థము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది జనమును పొట్టను పెట్టుకొన్నప్పుడు మెరక యొక్క విలువ తెలిసినది. తీరగ్రామమునకు మెరకబాట ప్రాణములు దక్కించుకొను దారి, సాయము వచ్చు దారి. ఎత్తును కావలెను, తూములును కావలెను. ఒకటి మనుష్యుల కొరకు, రెండవది నీటి కొరకు.

ఏ పల్లపు నేలలో నీరు ఎటు పారునో ఆ యూరి రైతునకు తరతరములుగా తెలిసిన సంగతి. గ్రామమునకు క్రొత్త రోడ్డు వచ్చునాడు దాని వెడల్పు ఎంతయని అడుగుటకు ముందు, తూములెక్కడ ఉంచుచున్నారని అడుగగల ఊరు తన పొలమును, తన బాటను రెండింటిని కాపాడుకొనును. నీటికి దారి విడిచిన బాటయే కోస్తాలో చిరకాలము నిలుచు బాట.