పర్యాటక విధానం వెనుక మన చట్టాల చరిత్ర

మహారాష్ట్రలో పుట్టి కర్ణాటక దాటి వచ్చే మంజీర మా మనూర్ వైపునే తెలంగాణలోకి అడుగుపెడుతుంది. దిగువన సింగూరు, ఇంకా దిగువన మంజీర బ్యారేజీ. ఆ రెంటి నడుమ 36 కిలోమీటర్ల నదిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, ముఖ్యంగా మొసళ్ళ కోసం. పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు అడిగాడు: "మొసళ్ళు సర్కారువి, మరి చేపలు ఎవరివి సార్?" ఆ ప్రశ్నకు జవాబు వెతికితేనే ఈ వ్యాసం వచ్చింది.

కేంద్ర పర్యాటక శాఖ 1998లో ఎకో టూరిజం విధానం, మార్గదర్శకాలు తెచ్చింది. స్థానిక ప్రజలకు అందులో చోటు ఉంది, మాటలూ బాగున్నాయి. కానీ మార్గదర్శకం చట్టం కాదు. దాన్ని పట్టుకుని కోర్టుకు పోలేం.

కోర్టులో నిలిచింది వేరే కాగితం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో సవరణ చేశారు. మనవాళ్ళు 1/70 అనేది దాన్నే. విశాఖ మన్యంలో, నేడు పర్యాటకులు బారులు తీరే బొర్రా గుహల చుట్టుపక్కల, ప్రభుత్వం గనుల లీజులు ఇచ్చింది. 'సమత' సంస్థ పోరాడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఆ నిబంధనలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వరాదు. గనుల కేసే అయినా, రిసార్టుకు భూమి అడిగేవాళ్ళు వచ్చినప్పుడూ మనకు పనికొచ్చే వాదన ఇందులో ఉంది.

అయితే నారాయణఖేడ్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. 1/70 మన తండాలకు వర్తించదు. చాలామంది యువకులకు ఇది తెలియదు, సభల్లో ఆవేశంగా 1/70 పేరెత్తి ఊరుకుంటారు. మనకు దక్కేది 2006 అటవీ హక్కుల చట్టం. అభయారణ్యాలకూ అది వర్తిస్తుంది. సెక్షన్ 3(1)లో చేపల మీద, మేత మీద సామూహిక హక్కు ఉంది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది, కాకపోతే క్లెయిమ్ వేసి రుజువు చేసుకోవాలి. వన్యప్రాణుల కోసమని జనాన్ని ఖాళీ చేయించిన కీలక ఆవాసాన్ని తర్వాత మరో పనికి మళ్ళించకూడదని కూడా అదే చట్టం అంటుంది.

ఇంకోటి, సెక్షన్ 3(2). గ్రామసభ సిఫారసుతో అటవీ భూమిని 13 రకాల వసతులకు ఇవ్వవచ్చు: బడి, దవాఖానా, అంగన్‌వాడీ, రోడ్డు, చెరువు వగైరా. ఒక్కోదానికి హెక్టారు లోపే. ఆ జాబితాలో పర్యాటక వసతి లేదు.

కానీ 2023లో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. అటవీ ప్రణాళికల్లో చేర్చిన ఎకో టూరిజం వసతులు, జూలు, సఫారీలు ఇకపై 'అటవీయేతర పని' కావట. మన బడికి గ్రామసభ కావాలి, కొలత కావాలి. కాటేజీకి ప్రణాళికలో ఒక పేజీ ఉంటే కేంద్ర అనుమతి అక్కర్లేదు.

ఈ ఏడు పదో తరగతికి ఆ 13 పేర్లూ బోర్డు మీద రాశాం. పిల్లలు నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు మాత్రం సెక్షన్ 3(1) కూడా రాయమన్నాడు.