కొసరు నుంచి కూపన్ దాకా: పొట్లంలోని ఉచిత బొమ్మల చరిత్ర

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి అడుగుదాకా వెతకండి. తుప్పు పట్టిన తాళంచెవులు, చెల్లని నాణేలు, మూత పోయిన పెన్నుల మధ్య ఒక అంగుళం ఎత్తు ప్లాస్టిక్ ఏనుగో, గుండ్రటి బిళ్లో, క్రికెటర్ బొమ్మ ఉన్న అట్టముక్కో దొరకవచ్చు. దాన్ని మీ ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా కొనలేదు. అది టూత్‌పేస్టుతోనో, బబుల్‌గమ్‌తోనో, చిప్స్‌తోనో వచ్చింది. 1990ల తర్వాతి ఇళ్లలో అయితే కార్న్‌ఫ్లేక్స్ పెట్టెతోనూ వచ్చి ఉండవచ్చు. పేస్టు అయిపోయింది, చిప్స్ తినేశారు. ఉచితంగా వచ్చిన వస్తువు మాత్రం మిగిలింది.

రాజుల నాణేలు చరిత్రకు ఆధారాలని మనకు తెలుసు. ఈ ప్లాస్టిక్ ఏనుగు కూడా ఆధారమే. ఒక తరం పిల్లలు బజారును మొదట ఎలా చూశారో అది చెబుతుంది. ఈ ప్రసంగంలో రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఆ బొమ్మ నిజంగా ఉచితమేనా? దానితో పిల్లలు ఏం చేశారు?

కొసరు అంటే ఏమిటి?

ఈ చరిత్రను మన భాషలోని ఒక చిన్న మాటతో మొదలుపెట్టవచ్చు. ఆ మాట కొసరు. కూరగాయలు తూచిన తర్వాత అమ్మే మనిషి తట్టలోంచి తీసి వేసే రెండు పచ్చిమిరపకాయలు, కాస్త కరివేపాకు కొసరు. పాలు కొలిచిన తర్వాత గిన్నెలో పోసే మరో చుక్క కొసరు. దీనికి రాత లేదు, రసీదు లేదు. అడిగే హక్కు కొన్నవారిది, ఎంత వేయాలన్నది అమ్మినవారి మనసు. రోజూ వచ్చే మనిషికి ఒక కొలత, ఎప్పుడో వచ్చే మనిషికి మరో కొలత. పచారీ కొట్టుకు వెళ్లిన పిల్లవాడి చేతిలో శెట్టిగారు పెట్టే బెల్లంముక్క కూడా కొసరే. మరుసటి రోజు కూడా ఆ పిల్లవాడు అదే కొట్టుకు వెళ్తాడని శెట్టిగారికి తెలుసు.

అంటే, ఉచితంగా ఇచ్చి గిరాకీని నిలుపుకోవడం ఏ కంపెనీ కనిపెట్టిన విద్యా కాదు. కంపెనీలు మార్చింది వేరే ఉంది. సరుకు విడిగా తూచి అమ్మే పద్ధతి పోయి, కర్మాగారంలోనే పొట్లం కట్టి పేరు అచ్చువేసే పద్ధతి వచ్చినప్పుడు అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ముఖపరిచయం పోయింది. మూసిన పొట్లాన్ని ఎవరూ కొసరి అడగలేరు. అప్పుడు కొసరును కూడా పొట్లంలోనే పెట్టి మూశారు.

పెట్టెలోకి వెళ్లిన కొసరు

దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి సిగరెట్ పెట్టెలో కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివర అమెరికాలో సిగరెట్లను పల్చటి కాగితపు పొట్లాల్లో అమ్మేవారు. అవి నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఖాళీగా ఉన్న ఆ అట్టమీద బొమ్మ అచ్చువేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడినుంచి వచ్చింది. నటీమణులు, క్రీడాకారులు, పక్షులు, ఓడలు వరుసలు వరుసలుగా వచ్చాయి. 1880లలోనే ఈ పద్ధతి ఇంగ్లండు చేరింది. పొగ తాగేది తండ్రి, అట్టలు దాచుకునేది కొడుకు. ఈ విభజనను బాగా గమనించండి. డబ్బు పెట్టేవారు ఒకరు, ఆశపడేవారు మరొకరు. తర్వాతి కథంతా దీనిమీదే నడిచింది.

అల్పాహారపు పెట్టెలు కూడా ఈ దారే పట్టాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో 1906లో కెలాగ్ కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ మొదలైంది. 1909లో రెండు పెట్టెలు కొన్నవారికి జంతువుల బొమ్మల పుస్తకం ఇచ్చింది. పేజీల్లోని ముక్కలను తిప్పితే ఒక జంతువు తలకు మరో జంతువు ఒళ్లు అతుకుతుంది. అప్పట్లో ఆ పుస్తకం కొట్లో చేతికి ఇచ్చేవారు. 1945లో అదే కంపెనీ పెప్ అనే తిండిపెట్టెల్లోనే చొక్కాకు పెట్టుకునే బిళ్లలు వేసింది. కొట్టువాడి చేయి కూడా తప్పుకుంది. ఇక పిల్లవాడికీ పెట్టెకూ మధ్య ఎవరూ లేరు.

ఈ ఆశ ఎంతదాకా వెళ్లిందో 1955లో తెలిసింది. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో క్వేకర్ ఓట్స్ కంపెనీ 19 ఎకరాల చిల్లర భూమి కొని, ఒక్కొక్క చదరపు అంగుళం చొప్పున 2 కోట్ల 10 లక్షల పత్రాలు అచ్చువేసి తిండిపెట్టెల్లో పెట్టింది. పిల్లలు భూస్వాములమయ్యామనుకున్నారు. ఆ పత్రాలు ఎక్కడా రిజిస్టరు కాలేదు. 37 డాలర్ల 20 సెంట్ల పన్ను బకాయి పడడంతో 1965లో కెనడా ప్రభుత్వం ఆ భూమిని తీసుకుంది. భూమి పోయినా పత్రాలను జనం పారేయలేదు. పెట్టె మీది హామీ పోయిన తర్వాత కూడా పిల్లలు ఇచ్చిన విలువ మిగిలింది. మన దేశపు అనుభవంలోనూ ఇదే కనిపిస్తుంది.

బినాకా ఏనుగు

మీలో అరవై దాటినవారికి బినాకా అన్న పేరు రెండు విధాల గుర్తుండాలి. ఒకటి చెవికి, రెండోది చేతికి. 1952లో మన ఆకాశవాణి సినిమా పాటలకు తలుపులు దాదాపు మూసిన రోజుల్లో, సముద్రం దాటి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైంది. అమీన్ సయానీ గొంతు బుధవారం రాత్రులను దేశమంతటా ఒక్కటి చేసింది. హిందీ రానివాళ్లు కూడా మొదటి పాట ఏదవుతుందో పందేలు వేసుకునేవారు.

స్విట్జర్లాండుకు చెందిన సిబా కంపెనీ తయారు చేసిన ఆ టూత్‌పేస్టు డబ్బాలో 1960, 70లలో చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువులు, పక్షులు వచ్చేవి. పేస్టు అట్టపెట్టెలో గొట్టం పక్కన మిగిలే ఇరుకు జాగాయే వాటి కొలత. అచ్చులో కరిగిన ప్లాస్టిక్‌ను నొక్కి బొమ్మ తీసే పద్ధతిలో ఖర్చంతా ఉక్కు అచ్చుదే. ఆ అచ్చు ఒకసారి తయారైతే లక్ష బొమ్మలు తీసినా ఒక్కొక్కటి పడేది చాలా స్వల్పం. అందుకే పేస్టు ధరలో బొమ్మ ధర కనిపించదు.

ఆ కాలపు ఇళ్లను ఒకసారి తలచుకోండి. పళ్లపొడి, వేపపుల్ల, కచ్చిక వాడే ఇళ్లే ఎక్కువ. పేస్టు కొనే ఇల్లు ఉద్యోగస్తుల ఇల్లు. ఒక గొట్టం నెలంతా రావాలి. అందువల్ల బొమ్మ కూడా నెలకొక్కటే. ‘పేస్టు అయిపోయిందమ్మా’ అని చెప్పడానికి పిల్లలు గొట్టాన్ని గట్టిగా నొక్కిన ఇళ్లు తక్కువేమీ కాదు. సామాను జాబితాలో పిల్లల మాట చేరడం ఇక్కడ మొదలైంది. 1994లో ఆ పేస్టు వ్యాపారం కోల్గేట్ చేతికి వెళ్లింది. బొమ్మలు మాత్రం ఇంకా అల్మరాల్లో నిలబడే ఉన్నాయి.

మూతలు, పరుగులు, వికెట్లు

1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లిన తర్వాత స్వదేశీ చల్లటి పానీయాలకు కాలం కలిసివచ్చింది. 1980లలో గోల్డ్ స్పాట్ సీసా మూత లోపల జంగిల్ బుక్ జంతువుల బొమ్మలు వచ్చాయి. 1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచకప్ గెలిచాక క్రికెట్ బొమ్మలకు గిరాకీ పెరిగింది. బిగ్ ఫన్ బబుల్‌గమ్ పొట్లంలో ఆటగాడి బొమ్మతోపాటు పరుగులో, వికెట్లో అచ్చై ఉండేవి. వాటిని కూడబెట్టి బహుమతి తెచ్చుకోవాలి. 1999లో బ్రిటానియా బిస్కెట్ కంపెనీ ఇదే పరుగుల లెక్కను పెద్ద ఎత్తున నడిపి, ఇంగ్లండులో జరిగే ప్రపంచకప్‌కు పంపిస్తానంది.

ఇక్కడ కొసరు స్వభావం మళ్లీ మారింది. బినాకా ఏనుగు ఒక్కటి వచ్చినా బొమ్మే. ఒక్క పరుగు వస్తే అది బొమ్మ కాదు, బాకీ. మిగతా 99 పరుగుల కోసం మళ్లీ కొనాలి. కొసరు కాస్తా కూపన్ అయింది.

మన చట్టం కూడా ఈ మాయను గుర్తించింది. 1969 నాటి గుత్తాధిపత్య, నిర్బంధ వ్యాపార పద్ధతుల చట్టాన్ని 1984లో సవరించి, అన్యాయపు వ్యాపార పద్ధతులు ఏవో చెప్పారు. ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా బహుమతి ఇస్తామనడం వాటిలో ఒకటి. బొమ్మ ధరను మొత్తంగానో, కొంతగానో సరుకు ధరలో కలిపేసి ఉచితమన్న అభిప్రాయం కలిగించడం మరొకటి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఈ నిర్వచనం ఉంది. మన మొదటి ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం ఇదే. ఉచితం అన్న మాటను లెక్క చూసి నమ్మాలి.

ఆఖరి బొమ్మ లెక్క

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత 1994లో కెలాగ్ మన దేశానికి వచ్చింది. పాలు కాచి వేడిగా పోసుకునే మన ఇళ్లలో కార్న్‌ఫ్లేక్స్ మెత్తబడిపోయాయి. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు ముందు చల్లటి పాలలోని పొడి అటుకులు పెద్దలకు ఆనలేదు. ఆ తర్వాత చాక్లెట్ రుచితో పిల్లలకోసం రకాలు, పెట్టెలో బొమ్మలు వచ్చాయి. పొద్దున ఏం తినాలన్న నిర్ణయంలో పిల్లవాడికి ఓటు దొరికింది. చిప్స్ పొట్లాల్లో టాజోలు అనే ప్లాస్టిక్ బిళ్లలు వచ్చాయి. 2003 ప్రాంతంలో పోకెమాన్ కార్టూన్ టీవీలో రావడంతో ఆ బొమ్మలున్న బిళ్లలు బడి సంచుల నిండా చేరాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక వరుసలో 10 బొమ్మలున్నాయి, అన్నీ సమానంగా వేశారనుకోండి. మొత్తం రావాలంటే సగటున ఎన్ని పొట్లాలు కొనాలి? పది అంటారేమో. సుమారు 29 కొనాలి. మొదటి పొట్లంలో వచ్చేది ఎలాగూ కొత్తదే. తొమ్మిది చేరాక పదోది దొరికే అవకాశం పదింట ఒకటి. అందుకే ఆ ఒక్కదానికే సగటున 10 పొట్లాలు పడతాయి. వరుసలో 20 ఉంటే మొత్తం 72 పొట్లాలు. మీ చిన్నప్పుడు ఒక్క బొమ్మ ఎంతకీ రాకపోవడానికి కారణం మీ దురదృష్టం కాదు, ఈ గణితం.

పిల్లలకు ఈ సూత్రం తెలియదు. విరుగుడు మాత్రం తెలుసు. అదే మార్పిడి. నా దగ్గర రెండు పులులున్నాయి, నీ దగ్గర రెండు జిరాఫీలున్నాయి. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటే ఇద్దరికీ పొట్లాల ఖర్చు తప్పింది. అరుదైన దానికి మూడు మామూలువి ఇవ్వాలన్న ధర కూడా బడి వరండాలోనే తేలింది. పొట్లం కొనలేని ఇంటి పిల్లలు కూడా ఈ బజారులో ఉన్నారు. వాళ్లు రోడ్డు మీద సీసా మూతలు ఏరారు, ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు చింపి ఆట ఆడి గెలిచారు. కంపెనీ ఇచ్చింది ప్లాస్టిక్‌ను. విలువను, నియమాలను, స్నేహాన్ని తయారు చేసుకున్నది పిల్లలు. మన రెండో ప్రశ్నకు ఇదే సమాధానం.

తియ్యటి జ్ఞాపకం వెనక

ఈ కథను ఇక్కడ ఆపితే తీపిగానే ఉంటుంది. చరిత్ర చదివేవారు ఇక్కడ ఆపకూడదు. 2017లో మన ఏలూరులో ఒక చిన్న బాబు చిప్స్ పొట్లంలో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మను తిండనుకుని నోట్లో వేసుకుని ప్రాణం కోల్పోయాడు. ఆ తర్వాత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇలాంటి వస్తువులను తిండితో కలిపి పెట్టవద్దని కంపెనీలకు చెప్పింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి అయింది. అమెరికాలో 1938 నాటి చట్టమే మిఠాయి లోపల తినకూడని వస్తువు దాచడాన్ని నిషేధించింది. చిలీ దేశం 2016లో చక్కెర, కొవ్వు మితిమీరిన తిండితో పిల్లలకు బొమ్మలు ఇవ్వడాన్నే ఆపేసింది.

‘మా కాలంలో ఎంత బాగుండేవి’ అని మనం అంటాం. మనకు గుర్తున్నది బొమ్మే. ఆ బొమ్మకోసం తిన్న చక్కెర, ఉప్పు, అమ్మతో పడ్డ పేచీ, జీతం రాని ఇరవై అయిదో తేదీన నాన్న మొహం మనకు గుర్తుండవు. అలాగని ఆ జ్ఞాపకం అబద్ధమూ కాదు. బొమ్మను చేతిలోకి తీసుకున్నప్పుడు మనకు గుర్తొచ్చేది కంపెనీ కాదు. ఎవరితో మార్చుకున్నామో ఆ స్నేహితుడు, ఎవరు దాచి తెచ్చి ఇచ్చారో ఆ బాబాయి గుర్తొస్తారు. కర్మాగారం పొట్లంలోంచి తీసేసిన ముఖపరిచయాన్ని పిల్లలు మళ్లీ వెతికి తెచ్చుకున్నారు. అసలైన కొసరు అదే.

చివరగా మీకొక పని. మీ ఇంట్లో అలాంటి వస్తువు దొరికితే పారేయకండి. ఒక కాగితం మీద అది దేనితో వచ్చింది, ఏ ఏడాది ప్రాంతంలో, ఎవరు కొన్నారు, ఎవరి దగ్గర మార్చుకున్నారు అని నాలుగు వాక్యాలు రాసి దానితోపాటు పెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే అడగండి. రాజుల నాణెం మీద పేరు, అంకె ఉంటాయి కాబట్టి అది తన కథ తానే చెప్పుకుంటుంది. ప్లాస్టిక్ ఏనుగు మీద ఏమీ ఉండదు. దాని శాసనం మీరే రాయాలి.