దీవిలో తెలుగు, హొసకోటెలో తెలుగు



లేని దీవిని ఊహించి, ఆ దీవి జనానికి ఒక భాషను కూడా కల్పించడం రచయితలకు పాత అలవాటే. 1516లో థామస్ మోర్ యుటోపియా అనే దీవి గురించి రాసినప్పుడు, ఆ పుస్తకంలో ఆ దీవి లిపినీ, ఆ భాషలో నాలుగు పాదాల పద్యాన్నీ అచ్చువేశారు. 1887లో డాక్టర్ జామెన్‌హోఫ్ ఎస్పెరాంటో అనే భాషను ప్రకటించాడు. మాట మొదలుకి చిన్నచిన్న తునకలు అతికించి కొత్త మాటలు చేసుకునే పద్ధతి అందులో ఉంది. నేర్చుకోవడం తేలిక కావాలని ఆయన ఉద్దేశం.

ఈ అతికించే పద్ధతి మనకు కొత్త కాదు. "ఇంట్లోవాళ్ళందరికీ" అనే మాట తీసుకోండి. ఇల్లు, లో, వాళ్ళు, అందరు, కి, చివర ఒక దీర్ఘం. ఇన్ని ముక్కలు కలిసి ఒకే మాటగా నోట్లోంచి వస్తాయి. "యాడికి పోతుండావు?" అని మన హొసకోటె పల్లెల్లో అడిగే ప్రశ్నలో "పోతుండావు" అన్న ఒక్క మాటే పని ఏమిటో, అది జరుగుతూ ఉందనీ, చేసేది ఎదుట ఉన్న నువ్వేననీ చెప్పేస్తుంది. బడికి పోని ముసలమ్మ కూడా ఈ అతుకుల్లో ఒక్కటి తప్పదు. ఇలాంటి భాష మాట్లాడే నిజమైన దీవి ఒకటి ఉంది. దాని పేరు మారిషస్. ఆ అతుకుల భాష మన తెలుగే.

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉంది. 1810లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావాలి. తోటల దొరలు మన దేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆ తరువాత 1920 వరకు సుమారు అయిదు లక్షల మంది ఒప్పందం మీద అక్కడ అడుగుపెట్టారు. ఒప్పందం అయిదేళ్ళు, మగవాడికి జీతం నెలకు అయిదు రూపాయలు. వాళ్ళు దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఆ కూలీల్లో విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గరగా కోరంగి అనే రేవు ఉండేది. 1839 తుపాను ఆ ఊరిని ఊడ్చిపెట్టింది. అయినా అక్కడి ఓడలు ఆగలేదు. 1843లో కోరంగి పేరే పెట్టుకున్న ఓడ ఒకటి తెలుగు కూలీలను మారిషస్ చేర్చింది. దీవిలో తెలుగువాళ్ళకు కోరంగివాళ్ళన్న పేరు వచ్చింది. బర్మాలో కూడా మనవాళ్ళను అదే పేరుతో పిలిచారు. మనిషి ఏ రేవులో ఓడ ఎక్కితే ఆ రేవే అతని జాతి పేరైపోయింది.

వాళ్ళు తమతో ఏం తీసుకుపోయారు? సింహాచలం అప్పన్న మీద భక్తి, రామభజన, అమ్మోరు పండుగ, ఉగాది. ఇవన్నీ నేటికీ అక్కడ ఉన్నాయి. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైంది. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కోరుకున్న పిల్లలకు తెలుగు చెబుతారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో పై చదువు కూడా ఉంది. రేడియోలో, టెలివిజన్‌లో తెలుగు కార్యక్రమాలు వస్తాయి.

ఇంత ఉన్నా ఒకటి పోయింది. వంటింట్లో మాట పోయింది. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంటి మాట ఎక్కువగా క్రియోల్. ఫ్రెంచి మాటలతో తోటల్లో పుట్టిన భాష అది. ఆ భాషలో "నేను తిన్నాను" అనాలంటే "మో తి మాంజే" అంటారు. "మో" అంటే నేను, "తి" అంటే జరిగిపోయింది, "మాంజే" అంటే తినడం. "తింటాను" అనాలంటే "తి" తీసేసి "పు" పెడతారు. ముక్కలు దేనికది విడిగా నిలబడతాయి. మనం "తిన్నాను" అని ఒక్క మాటలో ముగిస్తాం. అయితే తెలుగు వ్యాకరణం కష్టమై ఇంట్లోంచి పోలేదు సుమా. తోటలో పక్క గుడిసెవాడు భోజ్‌పురి మాట్లాడతాడు, ఆ పక్కవాడు తమిళం. మేస్త్రీతో, అంగడిలో, ఆటస్థలంలో అందరికీ పనికివచ్చింది క్రియోల్. పిల్లలు ఆ భాషలో ఆడుకున్నారు, పెద్దయ్యాక ఆ భాషలోనే తమ పిల్లలను జోకొట్టారు. అలా రెండు మూడు తరాల్లో ఇల్లు మారిపోయింది.

ఇక మన సంగతి చూద్దాం. బెంగళూరుకు తూర్పున, పాత మద్రాసు రోడ్డు మీద ఉన్నది హొసకోటె. హొస అంటే కొత్త, కోటె అంటే కోట. ఊరి పేరు కన్నడం, చాలా ఇళ్ళలో మాట తెలుగు. పక్కన చింతామణి తాలూకా కైవారంలో తాతయ్యగా పూజలందుకునే యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. ఇక్కడ రెండు భాషలూ పోట్లాడుకోకుండా ఉండటానికి ఒక కారణం వాటి కట్టుబడి ఒకటే కావడం. మనం "ఇంట్లో" అంటే, కన్నడంవారు "మనెయల్లి" అంటారు. ఇద్దరూ మాట చివరే అతికిస్తారు. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా, తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానివని నిరూపించాడు. 1856లో కాల్డ్వెల్ దాన్ని పెద్ద గ్రంథంగా విస్తరించాడు.

కాబట్టి మన ఇంట్లో తెలుగు నిలిచింది. కాని మన పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. అమ్మతో తెలుగులో గలగలా మాట్లాడే పిల్లవాడికి అవ్వ దాచుకున్న భజన పుస్తకం ఇస్తే చదవలేడు. మారిషస్‌వాళ్ళకు అక్షరం దక్కింది, ఇంటి మాట దక్కలేదు. మనకు ఇంటి మాట దక్కింది, అక్షరం జారిపోతోంది. పోయిన ఇంటి మాటను తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో మారిషస్ తెలుగువాళ్ళ నడిగితే తెలుస్తుంది. బడులు, సభలు, సంస్థలు అన్నీ పెట్టుకుని కూడా వాళ్ళు ఇంకా పాటుపడుతూనే ఉన్నారు.

మన పని అంత కష్టం కాదు. తెలుగు లిపి, కన్నడ లిపి ఒకే పాత లిపి నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్ళు. గ, న, మ, ర, ల చూడండి, దాదాపు ఒకటే. త, క లాంటివి కొంచెం వేరు, తలకట్టు వేరు. కన్నడం చదవడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడటానికి సంవత్సరాలు అక్కరలేదు. వేసవి సెలవుల్లో రోజుకో అరగంట చాలు. పలక మీద రెండు లిపులూ పక్కపక్కన రాసి చూపండి, తేడాలు తనే పట్టుకుంటుంది. కన్నడం మానమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఆ కన్నడమే ఇక్కడ తెలుగు అక్షరానికి నిచ్చెన.

సముద్రం దాటినవాళ్ళకు తమ భాషలో మాట్లాడే పొరుగిల్లు కరువైంది. మనకు పొరుగిల్లు ఉంది, పక్క ఊరు ఉంది, అవ్వ ఇంకా ఇంట్లోనే ఉంది. ఆ అవ్వ పుస్తకాన్ని మనుమరాలు చదివి వినిపించే రోజు రావాలంటే, ఈ సెలవుల్లోనే ఒక పలక కొనండి.