పేరులేని వానే ముంచింది

ఏడు వారాల్లో మూడు తుపాను హెచ్చరికలు, వాటి మధ్య పేరు కూడా పెట్టని ఒక అల్పపీడనం. 2013లో గుంటూరు పత్తి రైతు దేన్ని చూసి భయపడ్డాడు, దేని చేతిలో దెబ్బతిన్నాడు?

(ఈ గాథలో తేదీలు, తుపాన్లు, గాలి లెక్కలు నిజమైనవి. రైతు కుటుంబానికి మాత్రం పేరు పెట్టలేదు. ఆ కార్తెల్లో నల్లపాడు చుట్టుపక్కల ఇళ్లలో నడిచే మాటల్ని ఒకే ఇంటి మాటలుగా కూర్చాం.)

అక్టోబరు 12, శనివారం

నల్లపాడు జంక్షన్ దగ్గర టీ కొట్టు. టీవీలో సగం తెర రాష్ట్ర విభజన గొడవ, సగం తెర తుపాను. దుర్గాష్టమి కావడంతో బల్లల మీద చోటు లేదు. ఊరు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసి ఏడాది దాటింది. కలిసినా టీ కొట్టు కబుర్లు పత్తి, మిరప దాటి పోలేదు.

నాలుగెకరాల నల్లరేగడి కౌలుకు చేస్తున్న రైతు గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. పక్కన బావమరిది.

"బావా, అమెరికా వోళ్లేమో గాలి మూడొందలు దాటిద్దంటన్నారు. మనోళ్లేమో రెండొందల ఇరవై దాటదంటన్నారు. ఎవర్ని నమ్మాలి?"

"ఎవర్ని నమ్మినా పొయ్యేది ఒరిస్సాకే గదా. మన చేలో మొదటి తీతకి కూలోళ్లు దొరుకుతారో లేదో అది చెప్పమను ముందు."

ఆ రాత్రి తొమ్మిది దాటాక ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం మన వాతావరణ శాఖ చెప్పిన అంకెకు దగ్గర్లోనే ఉంది. విదేశీ అంచనాలు తప్పాయి. ఒడిశాలో, ఉత్తరాంధ్రలో కలిపి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. 1999 తుపానుకు ఒడిశాలో పదివేల మంది దాకా పోయారు. ఈసారి మరణాలు పదుల్లో ఆగాయి. తెల్లారేసరికి వాతావరణ శాఖ మాటకు దేశమంతా విలువ పెరిగింది.

నల్లపాడు టీ కొట్టులో కూడా పెరిగింది. "తుపానొస్తే చెబుతారులే" అన్న ధీమా అక్కడే మొదలైంది. పది రోజుల తర్వాత దెబ్బ తగిలింది ఆ ధీమాకే.

అక్టోబరు 22, మంగళవారం

అట్లతద్ది వెళ్లిన మర్నాడు. చిత్త కార్తె చివరి రోజులు. చేలో అడుగు కాయలు పగిలి తెల్లగా విచ్చుకున్నాయి. మొదటి తీత అంటే మంచి పత్తి. దూది నిండుగా, రంగు తెల్లగా ఉంటుంది, ధరా బాగా పలుకుతుంది. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 4,000 రూపాయలు.

"ఏమయ్యా, వానలంటన్నారు. రేపే తీయిస్తే పోలా?" అంది భార్య.

"ఏ వానలు? తుపానేం చెప్పలేదుగా. అల్పపీడనం అంట. నాలుగు చినుకులు పడి పోయిద్ది. ఇంకో నాలుగు రోజులాగితే పై కాయలు కూడా పగులుతాయి. రెండు కూలీలు ఎందుకు, ఒక్క కూలీతో అయిపోయిద్ది."

బావమరిది మాత్రం గొణిగాడు. "పోయినేడు నీలం మహాబలిపురంలో దాటిందన్నారు. దాటి పోయిందిలే అనుకుంటే తర్వాత మన మీదే గదా కురిసింది." అతను చెప్పింది నిజమే. 2012 అక్టోబరు 31న తమిళనాడులో తీరం దాటిన నీలం తుపాను, బలహీనపడ్డాక కోస్తాంధ్రను రోజుల తరబడి తడిపింది. తీరం దాటిందంటే ప్రమాదం దాటిందని అందరూ అనుకున్నాకే చేలు మునిగాయి.

ఈసారి తీరం దాటడమన్న ఊసే లేదు. ఆ వారమే ఈశాన్య రుతుపవనాలు వచ్చాయి. ఆంధ్ర తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో అల్పపీడనం కుదురుకుంది. కుదురుకున్నది కదల్లేదు. బుధవారం పట్టిన ముసురు ఆదివారం దాకా విడవలేదు. వాగులు పొంగాయి, రోడ్లు తెగాయి. రాష్ట్రంలో నలభై మందికి పైగా చనిపోయారు. గుంటూరు, ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో పత్తి చేలు నీళ్లలో నిలబడ్డాయి.

వాతావరణ శాఖ పరిభాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఎకరం మీద లెక్కేస్తే రెండున్నర లక్షల లీటర్లకు పైగా నీళ్లు. ఎర్ర చెలక అయితే తాగేస్తుంది. నల్లరేగడి ఓ పట్టాన తాగదు, తాగింది ఓ పట్టాన వదలదు. అరక దిగదు, మనిషి దిగితే మోకాలి దాకా కూరుకుపోతాడు.

వాన వెలిసిన రోజు భార్యాభర్తలు గట్టు మీద నుంచి చేతికందిన మొక్క వంచి చూశారు. పగిలిన కాయలో దూది పాయలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. ఆమె ఒక పాయ విడదీసింది. లోపల గింజ నాని పగిలి, తెల్లటి మొలక బయటికి తొంగి చూస్తోంది. దూది అంచులు బూడిద రంగుకు తిరిగాయి. ఇంకా పగలని కాయలు నల్లబడి కుళ్లాయి. మొలకెత్తిన గింజకు నూనె మిల్లులో ధర రాదు, రంగు మారిన దూదికి జిన్నింగు మిల్లులో ధర రాదు. తేమ పన్నెండు శాతం దాటిన పత్తిని కాటన్ కార్పొరేషన్ అసలే కొనదు.

"తుపానేం కాదన్నావుగా," అంది ఆమె. అతను మాట్లాడలేదు.

అతను మోసపోయింది ఎక్కడో తెలియాలంటే తుపానుకు పేరెప్పుడు పెడతారో తెలియాలి. సముద్రం మీద గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే పేరు. ఎంత వాన పడుతుందన్న దానితో పేరుకు సంబంధం లేదు. పేరుంటే టీవీలో మ్యాపు, ఓడరేవుల్లో ప్రమాద సూచికలు, కలెక్టరేట్‌లో కంట్రోల్ రూము. పేరు లేకపోతే వార్తల చివర ఒక్క వాక్యం. జాలరిని ముంచేది గాలి, పత్తి రైతును ముంచేది నీరు. హెచ్చరికల హడావుడంతా గాలి లెక్క మీద నడుస్తుంది. భారీ వర్షాలన్న మాట బులెటిన్లలో ఉంది. తుపాను అన్న మాట లేదు గనక చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నవంబరు 22, శుక్రవారం

అనూరాధ కార్తె. మిగిలిన చేనుకు మందులు కొట్టి, పైపాటుగా యూరియా వేసి, రెండో కాపు మీద ఆశ పెట్టుకున్నారు. పక్క చేలో మిరప పూతకొచ్చింది. ఇప్పుడు హెలెన్.

ఈసారి విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం మాట ప్రకారమే నడిచింది. శుక్రవారం మధ్యాహ్నం హెలెన్ మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. బందరుగా పిలిచే మచిలీపట్నంలో 2004 నుంచి డాప్లర్ రాడార్ ఉంది. దానికి నల్లపాడు వంద కిలోమీటర్ల లోపే కాబట్టి, తీరానికి దగ్గరపడిన తుపాను అడుగడుగూ అందులో కనిపిస్తుంది. నిజంగా దెబ్బతిన్నది కృష్ణా, గోదావరి డెల్టాల్లో కోతకొచ్చిన వరి. నల్లపాడు రైతు ముందురోజే చేలో కాలవలు తీసి ఉంచాడు. నీరు నిలవలేదు.

"ఈసారి బాగానే చెప్పారు," అన్నాడు బావమరిది. ఆ మాట అన్న మర్నాడే అండమాన్ సముద్రంలో ఇంకో వాయుగుండం పుట్టింది.

నవంబరు 26, మంగళవారం

లెహర్. అండమాన్ దీవుల్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చాక అతి తీవ్ర తుపాను అయింది. గురువారం కాకినాడ దరిదాపుల్లో తీరం దాటుతుందని, గాలులు గంటకు 150 కిలోమీటర్లు మించుతాయని హెచ్చరిక. తీర గ్రామాల్ని ఖాళీ చేయించడానికి అధికారులు సిద్ధమయ్యారు.

ఆ సాయంత్రం ఇంట్లో తగువు.

"ఉన్న పత్తంతా రేపు తీయించాల్సిందే," అంది భార్య.

"అప్పుడు ఆగితే మునిగాం. ఇప్పుడు తొందరపడి సగం పగిలిన కాయ తీయిస్తే తూకం రాదే. పైగా కూలోళ్లు ఇప్పుడు అడిగినంత ఇవ్వాలి."

"అడిగినంత ఇద్దాం. గింజ మొలిచాక ఎవరికిస్తావు?"

మూల మంచం మీద నుంచి అత్త లేచి కూర్చుంది. "ఉప్పెన నాడు మనకెవరు చెప్పార్రా? చెట్లు కూలాక తెలిసింది. చెప్పేవోళ్లున్నప్పుడు ఇనండి."

ఆమె చెప్పింది 1977 నవంబరు 19 సంగతి. మొదట తమిళనాడు వైపు వెళ్లేలా కనిపించిన ఆ తుపాను ఉత్తరానికి మళ్లి చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. బందరులో అప్పటికి రాడార్ లేదు.

బుధవారం తెల్లవారుజామునే మేస్త్రి ఇంటి ముందు నిలబడి, మామూలు కన్నా ఎక్కువ ఇస్తానని ఒప్పుకుని, అతను కూలీల్ని చేలో దింపాడు. పొద్దుగూకేలోపు పగిలిన పత్తంతా ఇంట్లోకి చేరింది. మంచాలెత్తేసి గదిలో పోశారు. బయట మిగిలిన దాని మీద అప్పు తెచ్చిన బరకాలు కప్పారు.

అదే సమయంలో సముద్రం మీద లెహర్ కుంగిపోతోంది. బుధవారం సాయంత్రానికే బలం తగ్గింది. గురువారం మధ్యాహ్నం మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటేసరికి అది ఉత్త వాయుగుండం.

"ఊరికే భయపెట్టి చంపారు," అని నవ్వాడు బావమరిది. "కూలి డబ్బులు బొక్క గదా బావా?"

రైతు గదిలో ఉన్న పత్తిని గుప్పెడు తీసి పిండి చూశాడు. పొడిగా ఉంది. "బొక్కేం లేదులేరా," అన్నాడు.

లెహర్ అంచనా ఎందుకు తప్పింది?

తుపాను ఎటు వెళుతుందో చెప్పడం కన్నా ఎంత బలంగా వస్తుందో చెప్పడం కష్టం. దారిని నడిపేది పైన వీచే విశాలమైన గాలులు. వాటిని ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాలు బాగానే పట్టుకుంటాయి. బలం మాత్రం కింద సముద్రంలో ఎంత లోతు దాకా వేడి ఉంది, చుట్టూ గాలి ఎంత పొడిగా ఉంది, పై గాలికీ కింది గాలికీ వేగంలో, దిశలో ఎంత తేడా ఉంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. లెహర్ విషయంలో మూడూ ఎదురు తిరిగాయని వాతావరణ శాఖే తర్వాత వివరించింది. దారిలో సముద్రం తగినంత వేడిగా లేదు. పొడి, చల్లగాలి లోపలికి చొరబడింది. పై గాలులు మేఘాల్ని కేంద్రం నుంచి విడదీశాయి.

దారి అంచనాలోనూ తేడా ఉంటుంది. ఈమధ్యకాలంలో 24 గంటల ముందు చెప్పే అంచనాలో సగటు తేడా 75 కిలోమీటర్ల అటూ ఇటూ. అంటే సుమారుగా బందరుకూ బాపట్లకూ మధ్య దూరం. తీరంలో ఉన్న నిజాంపట్నం జాలరికి ఆ తేడా చాలా పెద్దది. తీరానికి దూరంగా ఉన్న నల్లపాడుకు అంత తేడా పడదు. తుపాను వాన పట్టీ వందల కిలోమీటర్ల వెడల్పుంటుంది. బందరులో దాటినా, బాపట్లలో దాటినా పత్తి తడవొచ్చు.

అందుకే ఈ నేల మీద రైతు అడగాల్సిన ప్రశ్న వేరు. రాబోయే రెండు రోజుల్లో నా మండలంలో ఎంత వాన? మందు కొడితే ఆకు మీద నిలుస్తుందా, కడుక్కుపోతుందా? గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం లాంటి వ్యవసాయ పరిశోధనా స్థానాల నుంచి మంగళ, శుక్రవారాల్లో వచ్చే అయిదు రోజుల వాతావరణ సలహాలు ఇలాంటి ప్రశ్నల కోసమే. వాటిలో తుపాను పేరు ఉన్నా లేకపోయినా వాన అంకె ఉంటుంది. 2013 అక్టోబరులో చూడాల్సింది ఆ అంకెను.

పదేళ్ల తర్వాత

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గర్లో తీరం దాటింది. నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య అని ముందే చెప్పారు, అలాగే జరిగింది. ఫోన్లకు సందేశాలు వచ్చాయి. అయినా గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో వరి, పత్తి, మిరప, పొగాకు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. హెచ్చరిక రాగానే ఊరంతా ఒకేసారి కోతకు, తీతకు దిగాలి. ఉన్న కూలీలు ఊరంతటికీ చాలరు. కోసిన వరి పనల మీద కప్పడానికి బరకాలు చాలవు. కౌలు రైతుకు ఆ పూట అప్పు పుట్టదు.

లెహర్ అంచనా తప్పింది, అయినా నాలుగెకరాల పత్తి ఇల్లు చేరింది. మిచౌంగ్ అంచనా ఫలించింది, అయినా పంటలు నీళ్లలో నిలిచాయి. అంచనాల్ని నమ్మొచ్చా అన్న ప్రశ్నకు వాతావరణ శాఖ తన వాటా జవాబు ఏటికేడు మెరుగ్గానే ఇస్తోంది. తేలాల్సిన మిగతా వాటా హెచ్చరికకూ వానకూ మధ్య దొరికే ఆ ముప్పై, నలభై గంటల్లో రైతుకు కూలి డబ్బు, బరకం, పంట దాచుకునే చోటు ఎవరిస్తారన్నదే. అది వాతావరణ శాఖ పని కాదు. మార్కెట్ యార్డు, సహకార సంఘం, రెవెన్యూ యంత్రాంగం చేయాల్సిన పని. వాటి దగ్గర ప్రతి అక్టోబరుకు ముందే ఒక ప్రణాళిక ఉండాలి. అందులో పేరు పెట్టని అల్పపీడనాలకు కూడా ఒక పేజీ ఉండాలి.