మామగారి చేతికొచ్చిన గ్రంథం

1852 ఆగస్టు 28. ఉటా ఎడారిలో సాల్ట్ లేక్ సిటీ. మోర్మన్ అనే క్రైస్తవ శాఖ సభలో పేర్లు చదువుతున్నారు. చదివిన పేరుగలవాడు భార్యాబిడ్డల్ని వదిలి, చేతిలో పైసా లేకుండా, చెప్పిన దేశానికి పోవాలి. రిచర్డ్ బాలంటైన్ పేరు వచ్చింది. దేశం: హిందూస్థాన్.

స్కాట్లండులో పుట్టిన రొట్టెల పనివాడు బాలంటైన్. ఆ శాఖ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను 1844లో మూక కాల్చి చంపాక, బ్రిగం యంగ్ నడిపించిన మోర్మన్ జనంతో ఈ ఎడారికి చేరాడు. 1849లో సొంత ఇంట్లో పిల్లలకు ఆదివారం బడి పెట్టాడు. మోర్మన్ చరిత్రలో ఆయన పేరు నిలిచింది దానితోనే. మద్రాసు కథ తక్కువమంది చెబుతారు.

పేర్లు చదివిన మర్నాడే అదే సభలో మరో ప్రకటన: తమలో బహుభార్యాత్వం ఉందని బహిరంగంగా ఒప్పుకోవడం. ఓడ ఎక్కకముందే బాలంటైన్ మీద పడ్డ బరువది. 1853 జూలైలో మద్రాసులో దిగేసరికి పాదరీలు, ఇంగ్లిషు పత్రికలు కాచుకుని ఉన్నాయి. ఆయన చిన్న పుస్తకాలు అచ్చు వేయించి జవాబు చెప్పాడు. పెళ్ళిళ్ళ గొడవే ఓడించిందని చాలామంది అంటారు. నాకు అంతకన్నా పెద్ద కారణం కనిపిస్తుంది. ఆయన మాట్లాడిందంతా దొరలతో, సిపాయి ఆఫీసర్లతో. ఊళ్ళవైపు చూసింది తక్కువ. ఏడాది తిరిగేసరికి, వేళ్ళమీద లెక్కపెట్టేంత మందికి బాప్తిస్మం ఇచ్చి, జబ్బుపడి వెళ్ళిపోయాడు.

దొరలతో మాట్లాడటానికీ, ఊళ్ళలో కలిసిపోవడానికీ ఉన్న తేడా వనపర్తి దగ్గరి పాన్‌గల్ వాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. 1899లో హైదరాబాదు వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే మరో క్రైస్తవ సంఘం వాళ్ళు నాగర్‌కర్నూల్, వనపర్తిలలో కాపురం పెట్టి తెలుగు నేర్చుకున్నారు. ఎంబీ చర్చీలు ఇవాళ్టికీ ఉన్నాయి.

మోర్మన్లకు మన గడ్డమీద దారి దొరకడానికి ఇంకో నూటపాతికేళ్ళు పట్టింది. అదీ పసిఫిక్ దీవి నుంచి! సమోవాలో ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు అనే కీటక శాస్త్రవేత్త, ఆయన భార్య ఎల్సీ 1977లో అక్కడ ఆ సంఘంలో చేరారు. హైదరాబాదులో ఉన్న మావాళ్ళకు మిషనరీలను పంపండని సంఘ అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్‌ను అర్థించారు. మీరే వెళ్ళండని జవాబు.

1978 డిసెంబరులో ఇద్దరూ హైదరాబాదు వచ్చారు. బోధించింది సభల్లో కాదు, చుట్టాలిళ్ళలో. బాప్తిస్మం తీసుకున్న 22 మందిలో ఎక్కువమంది ఆ కుటుంబం వాళ్ళే. అత్తింటి గుమ్మం ముందు ఏ అల్లుడికైనా గుండె దడదడలాడేదే. పైగా ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు పాస్టరు. అలాంటాయనకే ఆ సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని అప్పగించారు! 1982లో ఎంపిక చేసిన భాగాలు అచ్చయ్యాయి.

1993లో ఈ సంఘం మిషన్ కేంద్రాన్ని బెంగళూరులో పెట్టింది. అయినా 2012 మే 27న దేశంలోని మొట్టమొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, ఏర్పడింది మాత్రం హైదరాబాదులో.