క్రైస్తవ మనశ్చికిత్సా శిక్షణము

క్రైస్తవ విశ్వాసమును విడనాడక, మనోవిజ్ఞాన శాస్త్రమునందు వృత్తిపరమైన సంపూర్ణ శిక్షణము నొసగి, మనోవ్యాధిగ్రస్తులకు తోడ్పడగల చికిత్సకులను సిద్ధపరచు విద్యావిధానము. ఇది ఇరువదవ శతాబ్దిలో ముఖ్యముగా అమెరికా సంయుక్త రాష్ట్రములందు రూపుదాల్చినది.

దీనికి బీజము నాటినవారిలో అగ్రగణ్యుడు ఆంటన్ బాయిసన్ (1876–1965). క్రైస్తవ బోధకుడైన ఇతడు 1920లో తీవ్ర మనోవ్యాధికి లోనై, ఆసుపత్రి పాలై, స్వస్థత నొందిన పిమ్మట, 1924లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున మతగురువుగా చేరి, మరుసటి యేటనే వేదాంత విద్యార్థులను రప్పించి రోగుల చెంతనే వారికి శిక్షణ మొసగ నారంభించెను. రోగిని సజీవ గ్రంథముగా పఠింపవలెనని ఆయన బోధించెను. తాననుభవించిన వేదననే అన్యుల సేవకు వినియోగించిన ఆ మహనీయుని ధైర్యము మిక్కిలి కొనియాడదగినది.

మతబోధకులనేగాక వృత్తిపరమైన చికిత్సకులను గూడ సిద్ధపరచుటకై 1965లో కాలిఫోర్నియాలోని పాసడీనా నగరమున ఫుల్లర్ వేదాంత కళాశాల మనోవిజ్ఞాన విద్యాలయమును ప్రారంభించెను. వాగ్దోష చికిత్సాశాస్త్రమున ప్రఖ్యాతుడైన లీ ఎడ్వర్డ్ ట్రావిస్ దానికి ప్రథమాధ్యక్షుడు. అచ్చటి విద్యార్థి రోగనిర్ణయమును, మానసిక పరీక్షలను, పర్యవేక్షకుల సమక్షమున చికిత్సాభ్యాసమునేగాక బైబిలును, క్రైస్తవ సిద్ధాంతములను గూడ అభ్యసింపవలెను.

మనోవిజ్ఞానమునకును క్రైస్తవ విశ్వాసమునకును గావించిన ఈ సమన్వయమును క్రైస్తవులందరును అంగీకరింపలేదు. క్రైస్తవ బోధకుడైన జే ఆడమ్స్ 1970లో ప్రకటించిన గ్రంథమున, ఆత్మోపదేశమునకు బైబిలే ప్రమాణమని తీవ్రముగా వాదించెను. లౌకిక శాస్త్రజ్ఞులో, చికిత్సకుడు తన మతమును రోగిపై రుద్దునేమోయని శంకించిరి. బాధాసమయమున మనుజుడు పరుల మాటకు సులభముగా లొంగును గావున ఈ శంక సహేతుకమే. రోగి సమ్మతి లేకుండ ప్రార్థనను, లేఖన పఠనమును చికిత్సలో చేర్చుట వృత్తిధర్మమునకు విరుద్ధము.